చేపల పెట్టెలో అక్క రక్తం

మా వైపు ఎవరికి మోకాలు నొప్పి పుట్టినా రోగం పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. నీళ్ళు. నడుము పట్టేస్తే నీళ్ళు, మూత్రపిండంలో రాయి కనబడితే నీళ్ళు, ఎదిగిన కొడుకు మాట వినకపోయినా కొందరు అదే అంటారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నమాట నిజమే. మా తరం వాళ్ళ పళ్ళు చూస్తే ఊరు అడగనక్కరలేదు. రైల్లో ఎదుటి మనిషి నవ్వితే, కంభమా మార్కాపురమా అన్న చిన్న అనుమానం తప్ప ఇంకేమీ మిగలదు. ఇబ్బంది ఎక్కడంటే, ఒక కారణం అంత చేతికందే చోట ఉన్నప్పుడు రెండో కారణం వెతకడానికి ఎవరూ లేవరు.

మా అక్క విషయంలో అసలు గొడవంతా ఈ లేవడం గురించే.

అక్కను కంభంలో ఇచ్చారు. బావది బట్టల దుకాణం, పాతకాలపు పద్ధతిది. కౌంటరు లేదు, కుర్చీలు లేవు. మూడు గోడల నిండా అల్మారాలు, నేలంతా తెల్ల దుప్పటి పరిచిన పరుపు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అందరూ కిందే కూర్చోవాలి. బావ గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇప్పించి నవ్వుతాడు. వ్యాపారం చేసేది అక్క. కూర్చున్న చోటి నుంచి చటుక్కున లేచి, పై అరలోంచి గుడ్డ తాను లాగి, ఒక్క విసురుతో దాన్ని పరుపు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచేది. పెళ్ళి బట్టలకు గిద్దలూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు. బట్టలు గిద్దలూరులోనూ దొరుకుతాయి. "ఈ చీర నీకొద్దులేమ్మా, మీ అత్తకు తీస్కపో, నీకు వేరేది చూపిస్తా" అనే మనిషి మాత్రం అక్కడ ఉన్నట్లు లేదు.

ఆ లేవడం కొంచెం కొంచెంగా తగ్గింది. మొదట అల్మారా తలుపు పట్టుకుని లేచేది. తరువాత ఒక చేత్తో అల్మారా, ఇంకో చేత్తో బావ భుజం. ఆపైన అసలు లేవడమే మానేసి, కింది అరలలో ఉన్నవే బాగున్నాయని కొనేవాళ్ళను ఒప్పించసాగింది. కింది అరలలో ఉండేవి లంగా గుడ్డలు, తువ్వాళ్ళు. పెళ్ళివాళ్ళు ఎంత మొహమాటపడినా తువ్వాళ్ళతో పెళ్ళి చేయలేరు.

ఎముకలు కొరికినట్లు నొప్పి. మధ్యలో రెండుసార్లు మూత్రంలో రాళ్ళు పడ్డాయి. పొద్దున లేచినప్పటి నుంచి అలసట. కొలబద్ద చేతిలో పట్టుకునే కొలబద్ద కోసం వెతికేది. కారణం అందరికీ తెలుసు కాబట్టి వైద్యం కూడా అందరూ చేశారు. నీళ్ళ వల్ల ఎముకలు గుల్లబారుతున్నాయి, ఎముకలకు కాల్షియం కావాలి, కాల్షియం మందుల షాపులో దొరుకుతుంది. ఇంత చక్కని తర్కంలో తప్పు పట్టడం నాలాంటి వాడికి కూడా చేతకాలేదు. నేను మార్కాపురంలో బి.కాం. చదివాను. అందువల్ల మా కుటుంబంలో వైద్య విషయాలన్నీ నాకే అప్పగించారు.

ఆ యేడు చివరికి బావ దుకాణం ముందు సగాన్ని సెల్‌ఫోన్లు అమ్మే అతనికి అద్దెకివ్వడానికి మాటిచ్చాడు. ఎండాకాలం పెళ్ళిళ్ళ సీజను దాటాక పరుపు సగం తీసేసి గాజు బల్లలు పెట్టుకుంటానన్నాడు అతను. అక్క అడ్డు చెప్పలేదు. "లేవలేని దానికి దుకాణమెందుకులే" అంది. అక్క ఏ మాటకూ ఎదురు చెప్పకపోవడం మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. నేను భయపడింది అప్పుడే.

గుంటూరు నుంచి ఒక డాక్టరుగారు నెలకొక ఆదివారం మార్కాపురం వచ్చి, ఒక మందుల షాపు మేడ మీద చూస్తారు. షుగరు, థైరాయిడ్ వంటివి ఆయన పని. అక్కను ఎట్లాగో కంభం నుంచి రప్పించి ఆయన ముందు కూర్చోబెట్టాను. బస్సు కుదుపులకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, దారిలో కనిపించిన ప్రతి బట్టల షాపు బోర్డునూ విమర్శిస్తూనే వచ్చింది.

డాక్టరుగారు పాత కాగితాలన్నీ తిరగేసి, రక్తంలో కాల్షియం ఎంతుందో చూసి, "ఇంత ఉండగా ఇంకా కాల్షియం మాత్రలు ఎవరిచ్చారు?" అన్నారు.

"అందరూ ఇచ్చినారు," అంది అక్క.

ఆయన నవ్వలేదు. "మీదేం వ్యాపారమమ్మా?"

"గుడ్డలు."

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మీ దుకాణం నిండా సరుకుంది. గోడౌను మాత్రం ఖాళీ అవుతోంది. అయినా సరుకు వస్తూనే ఉంది. ఏం చేస్తారు?"

"ఇంగా ఆర్డర్లు పెడతాండేది ఎవురో చూస్తాం. వాన్ని బయటికి పంపిస్తాం."

"అదే మనం చేయబోయేది," అన్నారాయన. రక్తం దుకాణమట, ఎముకలు గోడౌనట. గొంతులో థైరాయిడ్ వెనక కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయి. వాటి పేరు పారాథైరాయిడ్. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకల నుంచి తెప్పించేందుకు అవి ఒక హార్మోనును వదులుతాయి. కాల్షియం నిండుగా ఉంటే ఊరకుంటాయి. వాటిలో ఒకటి అదుపు తప్పి, నిండినా తెప్పిస్తూనే ఉందేమోనని ఆయన అనుమానం. "ఉత్త ఫ్లోరైడు వల్ల రక్తంలో కాల్షియం ఇంత పెరగదు. ఆ హార్మోను ఎంతుందో చూస్తే తేలిపోతుంది. పీటీహెచ్ అంటారు. అదుపు తప్పింది ఒక్కటే అయితే, దాన్ని తీసేస్తే సరి."

"అంటే నీళ్ళు కాదా?" అంది అక్క. ఆ గొంతులో ఆశ కంటే అనుమానమే ఎక్కువ. నలభై ఏళ్ళుగా నమ్మిన దాన్ని ఒక ఆదివారం పూట వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

మాత్రలు మానేసి, కొన్నాళ్ళాగి గుంటూరు వచ్చి రక్తమివ్వమన్నారు. అక్క లేదంది. "రక్తాన్ని పంపిస్తా. నేను రాను. ఆడ ఏమన్నా తేలితే అప్పుడు మనిషి వస్తాది. తేలకపోతే ఇంగ నన్ను ఎవురూ యాడికీ రమ్మనగాకండి." ఆఖరి మాట డాక్టరుగారిని చూస్తూ కాదు, నన్ను చూస్తూ అంది.

ఆ రకంగా అక్క లేస్తుందా లేవదా అన్న సంగతి ఒక చిన్న గొట్టంలోకి వచ్చి చేరింది.

కంభంలో ల్యాబు నడిపే అతను మే నెలలో ఒక పొద్దున దుకాణానికే వచ్చి రక్తం తీశాడు. మిషనులో తిప్పి, పైన తేరిన పసుపుపచ్చని భాగాన్ని వేరే గొట్టంలో పోసి, చల్లటి ప్యాకెట్లతో చిన్న థర్మోకోల్ డబ్బాలో పెట్టాడు. ఆ పరీక్ష మా దగ్గర చేయరు. ఒంగోలు నుంచి శాంపిళ్ళ బండి రేపో ఎల్లుండో వస్తుంది, అందాకా ఫ్రిజ్‌లో ఉంచుతానన్నాడు.

బావకు ఆ మాట నచ్చలేదు. "మా ఇంటామె రక్తం రేపో ఎల్లుండో పోవడమేంది?" అన్నాడు. ఒంగోలు బస్సు డ్రైవరు ఆయనకు ఖాతాదారు. పెళ్ళికి, కూతురి ఓణీలకు అన్నీ మా దుకాణంలోనే. ఇక తిరుగేముంది? బావ డబ్బా తెచ్చి, దారిలో కుదుపులకు దెబ్బ తగలకుండా దుకాణంలో ఉన్న మంచి ఫ్లానెలు గుడ్డ రెండు మూడు చుట్లు చుట్టాడు. మా మనుషులు మర్యాద చేయడం మొదలుపెడితే మధ్యలో ఆగరు. బస్టాండుకు స్వయంగా వెళ్ళి అప్పగించి వచ్చాడు. అక్కడ ఒంగోలులో అందుకునేవాళ్ళు అందుకున్నారు. జిల్లా గీతలు ఎన్నిసార్లు మార్చి గీసినా ఒంగోలు మాకు అంతే దూరంలో ఉంది.

నాలుగో నాటికి రిపోర్టు వచ్చింది. పీటీహెచ్ ఉండాల్సిన హద్దుల మధ్యలో, బుద్ధిమంతుడైన విద్యార్థిలా కూర్చుని ఉంది.

"చూసినారా," అంది అక్క. "నీళ్ళే." ఆ చెప్పడంలో కాస్త గెలిచిన ధ్వని కూడా ఉంది. తరువాత గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడే సెల్‌ఫోన్ల అతను టేపు పట్టుకొచ్చి పరుపు ఎక్కడిదాకా తీయాలో కొలుచుకుపోయాడట. అక్క పడుకున్నచోటి నుంచే, "టేపు వంకరగా పట్టినావు, సరిగ్గా పట్టు," అందట.

డాక్టరుగారు మళ్ళీ మార్కాపురం వచ్చిన ఆదివారం నేనొక్కడినే వెళ్ళాను. ఆయన రిపోర్టు చూసి సంతోషిస్తారనుకున్నాను. సంతోషించలేదు.

"కాల్షియం అంత ఎత్తులో ఉన్నప్పుడు ఈ హార్మోను అట్టడుగున పడి ఉండాలండీ. మధ్యలో కూర్చుందంటే అదే అనుమానం," అన్నారు. కాసేపు ఆలోచించి, "శాంపిలు ఎట్లా పంపారు?" అని అడిగారు.

మా బావ పలుకుబడి గురించి చెప్పుకునే అవకాశం ఎప్పుడో గానీ రాదు. డ్రైవరు మావాడేనని, సామాన్ల డిక్కీలో వేయకుండా లోపలే పెట్టించామని చెప్పాను.

"లోపల ఎక్కడ?"

"ముందరే. డ్రైవరు పక్కన, ఇంజను బానెట్టు మీద."

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "మే నెలలో."

"అవునండీ. పెద్దవాళ్ళెవరైనా ఎక్కితే అక్కడే కూర్చోబెడతారు. ఊరికే కూడా పెట్టలేదు, ఫ్లానెలు చుట్టి పెట్టాం."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడవాల్సినంత మరకేమీ దాని మీద నాకు కనిపించలేదు. "ఈ హార్మోను వేడికి నిలవదండీ. గంటగంటకూ కరిగిపోతుంది. మీరు ఒంగోలు పంపింది రక్తం కాదు, దాని కషాయం. అంత ఉడికాక కూడా మధ్యలో నిలబడిందంటే, బయలుదేరినప్పుడు ఎంతుందో నాకు చూడాలని ఉంది. మళ్ళీ తీయండి. ఈసారి గుంటూరు ల్యాబుకు, ఐసులో, మీ చేతుల మీదుగా. మర్యాదలేమీ వద్దు."

నేను కంభం వెళ్ళి ఈ సంగతి బావకు చెప్పాను. "పెండ్లికొడుకును కూర్చోబెట్టే తావు బామ్మర్దీ అది," అన్నాడు.

"పెండ్లికొడుకులు కూడా అట్లే ఉడికిపోతాండారేమో," అంది అక్క లోపలి నుంచి. పడుకున్నా చెవులు మా మాటల మీదే ఉన్నాయని అర్థమై నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కానీ రెండోసారి రక్తం ఇవ్వనంది. ఒకసారి తేలకపోతే ఇక అడగవద్దని ముందే చెప్పానంది. తేలలేదు కాదక్కా, ఉడికింది అన్నాను. ఉడికినా మాడినా మాట మాటే అంది. ల్యాబు అతన్ని అడిగితే తన ప్యాకెట్ల చలువ ఈ ఎండకు వినుకొండ దాటేసరికి అయిపోతుందని, గుంటూరు దాకా నిలవాలంటే మంచి ఐసు, మందమైన పెట్టె కావాలని అన్నాడు. ఇదంతా మేం దుకాణం గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నాం. మా సందులో గుమ్మం దగ్గర మాట్లాడితే అది సందు మొత్తం పాల్గొనే సభ.

ఎదురుగా చెరువు చేపలు అమ్మే అతని కొట్టు ఉంది. అతనికీ అక్కకూ ఏళ్ళ తరబడి వైరం. అతని ఐసు కరిగి నీళ్ళు సందు దాటి మా గుమ్మం ముందుకొస్తాయి. మాది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. ఆ నీళ్ళు కనిపించిన ప్రతిసారీ అక్క చీపురుతో ఎదురు తోసేది, అతను పారతో దారి మళ్ళించేవాడు, కాసేపటికి నీళ్ళు ఇద్దరి మాటా వినకుండా తమ దారిన తాము వచ్చేవి. ఆ రోజు అతను కత్తి పక్కన పెట్టి సందు దాటి వచ్చాడు.

"వదినా," అన్నాడు గుమ్మం బయట నిలబడే. "నా చేప పొద్దున ఈడ రైలెక్కితే మధ్యాన్నం గుంటూరులో కన్ను మెరుస్తానే ఉంటాది. నీ రక్తానికేమి? నా పెట్టె ఇస్తా."

లోపలి నుంచి అక్క గొంతు: "నా రక్తం చేపలతో పోతాదా?"

"చేపల్లేవు వదినా. ఒట్టి పెట్టె. కడిగిస్తా. ఐసు శాకాహారమే."

బావ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఇటువంటి సమయాల్లో నవ్వితే ఏ పనీ జరగదు.

"ఇన్నేండ్లు నా గడప ముందరికి వదిలినావు ఆ నీళ్ళు," అంది అక్క.

"అప్పుడు ఊరికే పాయె వదినా. ఇప్పుడన్నా పనికొస్తాదేమో చూడు."

కాసేపటికి తలుపు చప్పుడైంది. అక్క గోడ పట్టుకుని, అల్మారా పట్టుకుని, అడుగు అడుగుకూ ఆగుతూ గుమ్మం దాకా వచ్చింది. అతను అప్పటికే తెచ్చిపెట్టిన పెట్టెను ఒక చీర అంచును చూసినట్లు పైనుంచి కింది దాకా చూసింది. "సోడా వేసి కడుగు," అంది. అతను కడిగాడు. "ఇంగోసారి." మళ్ళీ కడిగాడు. ఆమె వంగి వాసన చూడబోయి, నడుము సహకరించక ఆగింది. ఆ ఆగడం అందరం చూశాం. ఆమె కూడా మేం చూడటాన్ని చూసింది. తరువాత ల్యాబు అతని వైపు చెయ్యి చాపి, "గుచ్చు," అంది.

గొట్టాన్ని ప్లాస్టిక్ సంచిలో, సంచిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, డబ్బాను ఐసు నడిమధ్యలో పెట్టారు. చేపలతను పైన ఊక పోసి, గోనె పరిచి, తాడు బిగించాడు. బావ ఏదో గుడ్డ పట్టుకుని వచ్చాడు. ముగ్గురం ఒకేసారి "వద్దు" అన్నాం.

నేను కంభంలో గుంటూరు రైలెక్కాను. పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. సోడాతో రెండుసార్లు కడిగినా, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న పెట్టె అది. మార్కాపురం రోడ్డు దాటేసరికి నా పక్క సీట్లు ఖాళీ అయ్యాయి. ఎదురు సీటులో కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు మాత్రం ఆసక్తి గలవాళ్ళు. కురిచేడులో ఎక్కిన ఒక పెద్దాయన పెట్టెను ఆప్యాయంగా చూశాడు.

"కంభం చెరువుదేనా?"

"ఆఁ, కంభం నుంచే."

"కొర్రమీనా? బొచ్చెనా?"

"అమ్మేది కాదు పెద్దయ్యా."

"ఎవురికి మరి?"

"గుంటూరులో ల్యాబుకు."

ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "ల్యాబోళ్ళు బాగనే తింటాండారే," అన్నాడు.

ఉన్న విషయం చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇది మా అక్క రక్తమని చెప్పడం కంటే కొర్రమీనుగానే ఉండనివ్వడం అందరికీ క్షేమమనిపించింది. వినుకొండ వచ్చేసరికి పెట్టె మూల నుంచి సన్నగా నీళ్ళు కారి ఎదుటి సీటు కింద సంచి వైపు ప్రయాణం మొదలుపెట్టాయి. పెద్దాయన సంచి పైకెత్తి ఒళ్ళో పెట్టుకుని, "ఐసు నీళ్ళు చల్లగుండాయిలే," అని చెప్పులు విప్పి కాళ్ళు అందులో పెట్టుకున్నాడు. బయట ఎండకు రాళ్ళు పగులుతున్నాయి. నేను మాటిమాటికీ పెట్టె పక్కకు అరచెయ్యి ఆనించి చూసుకున్నాను. చల్లగా ఉంది. నరసరావుపేటలో చూశాను. ఇంకా చల్లగానే ఉంది. చల్లదనం గురించి అంత దీక్షగా నేను ఎన్నడూ ఆలోచించలేదు.

గుంటూరు ల్యాబులో ఏసీ గది, తెల్ల కోటు తొడుక్కున్న అమ్మాయి. నేను పెట్టెను బల్ల మీద పెట్టగానే వరుసలో ఉన్నవాళ్ళు కొంచెం వెడల్పుగా నిలబడ్డారు. అమ్మాయి ముక్కు మీద చెయ్యి పెట్టుకోలేదు. ఉద్యోగధర్మం కాబోలు. ఊక తోసి, ఐసు తోసి, డబ్బా తీసి, డబ్బాలోంచి గొట్టం తీసింది. వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది.

"చల్లగా ఉంది సార్," అంది.

నాకు బి.కాం.లో ఫస్టు క్లాసు వచ్చింది. ఆ రోజు కూడా నాకు అంత గర్వంగా లేదు.

రిపోర్టు ఫోనుకు వచ్చినప్పుడు నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిలో ఉన్నాను. పీటీహెచ్ ఉండాల్సిన హద్దులు దాటి, ఎన్నో రెట్లు పైన, కొండెక్కి కూర్చుంది. పక్కన ఎర్రటి అక్షరం కూడా వేశారు. అంత చెడ్డ రిపోర్టు చూసి అంత సంతోషించిన మనిషి ఆ ల్యాబు చరిత్రలో లేడేమో. నేను వెంటనే సెలవు చెప్పి బస్సెక్కి కంభం వెళ్ళాను. నాకంటే ముందే ఫోనులో విన్న బావ అప్పటికే సందంతా మిఠాయి పంచేశాడు. మా కుటుంబంలో ఎవరైనా తప్పిన పరీక్షకు మిఠాయి పంచడం అదే మొదలు. "ఏమైనాది, తగ్గిపోయినాదా?" అని అడిగినవాళ్ళకు, "లేదు లేదు, శానా ఎక్కువుంది," అని మెరిసే కళ్ళతో చెబుతున్నాడు. వాళ్ళు మిఠాయి నోట్లో పెట్టుకుని, సానుభూతితో తల ఊపాలో నవ్వాలో తెలియక నములుతున్నారు.

అక్క నా ఫోను తీసుకుని ఆ అంకెను చాలాసేపు చూసింది.

"అంటే ఇది నీళ్ళు కాదు."

"నీళ్ళు కాదక్కా."

"ఇన్నాళ్ళూ పాపం నీళ్ళను తిట్టినాం," అంది. తరువాత ఫోను తిరిగిచ్చి, "గుంటూరు రైలు యాళకు వస్తాదా?" అని అడిగింది. మనిషి వస్తానంది. మాటంటే మాటే మరి.

గుంటూరులో స్కాను తీస్తే నాలుగింటిలో ఒకటే దొంగ అని తేలింది. మిగతా మూడూ నోరు మూసుకుని ఉన్నాయట. ఆపరేషను రోజు, కోసేది వేరే సర్జనైనా తోడుగా లోపలికి వెళ్తూ, డాక్టరుగారు మమ్మల్ని బయట కూర్చోబెట్టి ముందే చెప్పారు. ఆ గ్రంథిని తీసేశాక, కాసేపాగి మళ్ళీ రక్తం తీసి అదే పరీక్ష చేస్తారు. ఆ హార్మోను రక్తంలో ఎక్కువసేపు నిలవదు కాబట్టి, తీసింది సరైనదే అయితే అంకె పడిపోవాలి. పడకపోతే లోపల ఇంకా వెతకాలి.

బావ లేచి నిలబడ్డాడు. "ల్యాబుకు నేను పట్టకపోతా సార్."

"వద్దండీ," అన్నారు డాక్టరుగారు. చాలా మృదువుగానే అన్నారు. "కింది అంతస్తే."

మేం కూర్చున్నాం. బావ ఒక చేతి గుప్పిటను ఇంకో చేత్తో పట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. మాట కలుపుదామని, "ఇక్కడ బానెట్టు లేదులే బావా," అన్నాను. ఆయన నవ్వబోయి ఆగి, నా మోకాలి మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచాడు. కింది నుంచి ఎవరో మెట్లెక్కే చప్పుడైన ప్రతిసారీ ఆ చెయ్యి బిగుసుకుంది.

తలుపు తీసి డాక్టరుగారు బయటికి వచ్చేసరికి ఆయన మాస్కు కిందికి దిగి ఉంది. "కొండ దిగిందండీ," అన్నారు. "మామూలు మనుషులకు ఎంతుంటుందో అక్కడికొచ్చి నిలబడింది." లోపలి నుంచి తెచ్చి సీసాలో చూపించారు. చింతగింజంత ఉంది. గోధుమరంగులో, ఏ పాపమూ ఎరగనట్లు.

"ఇంతేనా?" అన్నాడు బావ.

సాయంత్రం మెలకువ వచ్చాక అక్కకు ఆ సైజు చెబితే గొంతు కట్టు సర్దుకుని, బొంగురుగా, "ఇంత లేనిది అంత దోచినాదా? గల్లా మీద కూర్చున్నోడు కూడా నాకాడ అంత దోచలేదు," అంది. బావకు ఆ రోజు ఏ మాటైనా మెచ్చుకోలులాగే వినిపించింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

రెండో రోజు అక్క పెదవుల చుట్టూ తిమ్మిర్లు. నర్సు కాల్షియం మాత్రలు తెచ్చింది. అక్క ఆ మాత్రలను పాత శత్రువును చూసినట్లు చూసింది. "ఇయ్యి వద్దంటిరి గదమ్మా. ఏదో ఒకటి చెప్పండి." దోపిడీ ఆగింది కాబట్టి ఎముకలు పోయిన సరుకంతా ఒక్కసారిగా తిరిగి లాక్కుంటున్నాయని, అందుకని కొన్నాళ్ళు రక్తానికి బయటి నుంచి పోయాలని డాక్టరుగారు వివరించారు. "గోడౌను నింపతాండారన్నమాట," అని అక్క రెండు మాత్రలూ ఒకేసారి వేసుకుంది. వ్యాపారంగా చెబితే ఆమెకు అర్థం కానిది లేదు.

నొప్పులు ఒక్క రోజున పోలేదు. ఎముకలు అంత తొందరగా మాట వినవు. మొదట నిద్ర వచ్చింది. తరువాత కొలబద్ద మరిచిపోవడం తగ్గింది. తరువాత నా మీద విమర్శలు మొదలయ్యాయి. ఆరోగ్యం తిరిగి వస్తోందనడానికి నాకు అంతకంటే రుజువు అక్కరలేదు.

శ్రావణమాసపు పెళ్ళిళ్ళ సీజనులో ఒక రోజు ఏదో పని మీద కంభం వెళ్ళి, దుకాణంలో కూర్చున్నాను. పరుపు నిండా మనుషులు. అక్క మధ్యలో కూర్చుని ఒక పెళ్ళికూతురి తల్లితో, రంగుల గురించి గట్టిగా ఏదో తేలుస్తోంది. అప్పుడు వచ్చాడు సెల్‌ఫోన్ల అతను, టేపుతో సహా. గాజు బల్లలు తయారయ్యాయి, పరుపు ఎప్పుడు తీస్తారని అడిగాడు.

బావ గల్లా దగ్గర మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆగిపోయాడు. మాటిచ్చింది ఆయన. అక్క ఎవరి వైపూ చూడలేదు.

"నీది ఏం కొలత నాయనా, నడుము?" అంది.

"నాదా పెద్దమ్మా?"

"నీదే. ఆ పై అరలో బూడిద రంగు ప్యాంటు గుడ్డ ఉంది. నీకు బాగుంటాది. ఉండు."

లేచింది. చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అల్మారా పట్టుకోలేదు, బావ భుజం పట్టుకోలేదు, నేల మీద అరచెయ్యి ఆనించలేదు. ఎప్పటిలాగే, ఏ విశేషమూ లేనట్టు, కూర్చున్న మనిషి నిలబడింది. ఎత్తు చాలకపోతే కింది అరలో కాలు పెట్టి, పై అరలోంచి తాను లాగి, ఒక్క విసురుతో పరుపు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచింది. గుడ్డ అంచు ఆ అబ్బాయి కాళ్ళ దగ్గర వచ్చి ఆగింది.

బావ మంచినీళ్ళు తానే తాగేశాడు. కొనేవాళ్ళకు ఇవ్వాల్సినవి.

"కూర్చో, కొలుస్తా," అంది అక్క. సెల్‌ఫోన్ల అతను టేపు జేబులో పెట్టుకుని, చెప్పులు విడిచి పరుపు మీద కూర్చున్నాడు. గాజు బల్లలకు అతను తరువాత బస్టాండు దగ్గర చోటు చూసుకున్నాడు. ఆ ప్యాంటు వేసుకునే అమ్ముతున్నాడు.

నేను వెళ్ళేటప్పుడు ఎదురు కొట్టు ఐసు నీళ్ళు సందు దాటి మా గుమ్మం ముందుకొచ్చి ఉన్నాయి. అక్క గడప మీద నిలబడి వాటిని చూసింది. చీపురు చేతిలోనే ఉంది.

"ఏమయ్యా, మళ్ళా వదిలినావే," అంది అటువైపు.

"పార తీస్కొస్తాండా వదినా."

"ఉండనీలే," అంది అక్క. "చల్లగుంది." చీరె కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తుకుని, ఆ నీళ్ళు దాటి సందు చివరిదాకా నన్ను సాగనంపడానికి వచ్చింది. నడుస్తున్నంతసేపూ నా చొక్కా గుడ్డ ఎక్కడ కొన్నానని అడుగుతూనే ఉంది. మార్కాపురంలో అని చెప్పాను. ఆమె పెట్టిన మొహం చూసి, పూర్తిగా తగ్గిపోయిందని నమ్మి బస్సెక్కాను.